వైజాగ్‌లో మూడు నాలుగు బళ్లు ఉన్నవాళ్లకు: ఏ బండికి ఏ పని, దేన్ని ఎలా చూసుకోవాలి

ఒకే ఇంట్లో నాలుగు బళ్లు ఉండటం ఇప్పుడు వింత కాదు. ఆఫీసుకు ఒకటి, ఇంటి పనులకు స్కూటర్, నాన్నగారు నడిపినదని అమ్మబుద్ధి కాక ఉంచుకున్నది ఒకటి, అరకు మీద సరదాతో కొన్నది ఇంకొకటి. కొనడానికి ఎవరికీ సలహా అక్కర్లేదు. తిప్పలు కొన్న రెండేళ్లకు మొదలవుతాయి. నాలుగింటిలో రెండే తిరుగుతుంటాయి, మిగతావి సెల్లార్‌లో కవర్ కింద ఉండిపోతాయి. హైదరాబాద్‌లో నిలబెట్టిన బండికి దుమ్ము పడుతుంది. ఇక్కడ ఉప్పు పడుతుంది. సముద్రం పక్క ఊళ్లో పని లేని బండి ఎక్కువ కాలం నిలవదు. అందుకే ఎన్ని బళ్లు ఉన్నాయని కాదు, ప్రతి బండికీ ఒక పని ఉందా అని చూడాలి. కింద చెప్పేదంతా దాని గురించే.

ముందు మీ రోడ్లు రాసుకోండి

కాగితం తీసుకుని బళ్ల పేర్లు కాకుండా మీరు తిరిగే రోడ్ల పేర్లు రాయండి. విశాఖలో బండికి నాలుగు రకాల రోడ్లు తగులుతాయి. నాలుగూ బండిని నాలుగు రకాలుగా అరగదీస్తాయి.

ఊరి లోపల జగదాంబ, డాబాగార్డెన్స్, ద్వారకానగర్, అక్కయ్యపాలెం, సీతమ్మధార. సిగ్నళ్లు, సందులు, ఎత్తుపల్లాలు. క్లచ్, బ్రేకులు ఇక్కడే అరుగుతాయి. స్ప్లెండర్ లాంటి 112 కిలోల బండి ఈ రోడ్లకు సరిగ్గా సరిపోతుంది. 195 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350తో పూర్ణా మార్కెట్ సందుల్లో తిరగడం మాత్రం చేతులకు శిక్షే.

ఎన్‌ఏడీ దాటి గాజువాక, కూర్మన్నపాలెం, స్టీల్‌ప్లాంట్, పరవాడ వైపు వేరే ప్రపంచం. లారీలు, ట్రైలర్లు, రోడ్డు మీద మేకులు, గాలిలో బొగ్గు దుమ్ము. షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లు రాత్రి పదింటికీ తెల్లవారుజామునా ఇదే రోడ్డు మీద ఉంటారు. వీళ్ల బండికి మంచి హెడ్‌లైటు, ట్యూబ్‌లెస్ టైర్లు ఉండాలి. ఎయిర్ ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువు కన్నా ముందే మార్చాలి.

మూడోది బీచ్ రోడ్డు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ, మంగమారిపేట మీదుగా భీమిలి దాకా. నడపడానికి హాయి, బండికి మాత్రం నాలుగింటిలో ఇదే ఎక్కువ చెరుపు. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

నాలుగోది ఘాట్. ఎస్.కోట దాటాక అనంతగిరి మీదుగా అరకు, చోడవరం మీదుగా పాడేరు, నర్సీపట్నం, చింతపల్లి దారిలో లంబసింగి. అరకు సుమారు 115 కిలోమీటర్లు. సముద్రం ఒడ్డున బయలుదేరి 900 మీటర్ల ఎత్తుకు చేరతారు. ఇంజన్ కన్నా బ్రేకులకూ టైర్లకూ పరీక్ష.

ఇప్పుడు మీ నెల ఏ రోడ్ల మీద గడుస్తోందో నిజాయితీగా అంచనా వేయండి. చాలామందికి నూటికి ఎనభై పాళ్లు మొదటి రెండింటి మీదే పోతుంది. కానీ బండి కొనేటప్పుడు నాలుగోదాన్ని తలచుకుని కొంటారు.

ఒక్కో బండికి ఒక్కో ఉద్యోగం

రోజువారీ బండి ఒకటి ఉండాలి. ఆఫీసుకో ప్లాంటుకో వెళ్లేది, వానలో తడిసినా బాధ లేనిది, గీత పడినా గుండె పగలనిది. మైలేజీ, సర్వీసు ఖర్చు, ఎక్కడైనా దొరికే స్పేర్ పార్టులు, ఈ మూడే చూడండి. 100 నుంచి 125 సీసీ చాలు. హైవే మీద రోజూ పాతిక కిలోమీటర్లు దాటితే 150, 160 సీసీ కాస్త నయం, లారీని దాటేటప్పుడు ఊపిరి ఉంటుంది.

ఇంటి బండి ఎవరైనా తీసుకెళ్లగలిగేది. అమ్మ, భార్య, కాలేజీకి వెళ్లే పిల్లలు, ఎవరు తీసినా ఇబ్బంది ఉండకూడదు. స్కూటర్ అందుకే. ఇంట్లో దుకాణమో టిఫిన్ సెంటరో ఉంటే టీవీఎస్ ఎక్సెల్‌ను మించింది లేదు. బియ్యం బస్తా, గ్యాస్ బండ, కూరగాయల గోనె, ఏదైనా ముందు పెట్టుకుని వెళ్లిపోవచ్చు. ఎక్సెల్‌ను చిన్నచూపు చూసేవాళ్లు రైతుబజార్ దగ్గర పొద్దున్నే ఒక గంట నిలబడి చూడాలి.

ఘాట్ బండి దూరాలకు. క్లాసిక్, హిమాలయన్, ఎక్స్‌పల్స్ లాంటివి. నెలకోసారి కూడా కొండ ఎక్కకపోతే దీన్ని వారానికో రోజు ఆఫీసు పనికి కూడా పెట్టాలి.

ఇక మనసు బండి. ఆర్ఎక్స్ 100, పాత బుల్లెట్, నాన్నగారి చేతక్. ఆర్ఎక్స్ 100ను యమహా 1985లో తెచ్చి 1996లో ఆపేసింది. అంటే ఊళ్లో తిరుగుతున్న ప్రతి ఆర్ఎక్స్ 100కూ పాతికేళ్లు పైబడినట్టే. ఇలాంటి బండికి పని చూపించడం అన్నిటికన్నా కష్టం, అవసరం కూడా అన్నిటికన్నా ఎక్కువే. ఆదివారం పొద్దున టిఫిన్‌కి వెళ్లేది ఈ బండి మీదే అని పెట్టుకోండి. దానికి అదే ఉద్యోగం.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష. ఒక్కో బండినీ మనసులో పక్కకు తీసేసి, దాంతో ఏ రోడ్డు ఆగిపోతుందో చూడండి. కేటీఎం డ్యూక్ తీసేసినా క్లాసిక్ తీసేసినా ఆగేది భీమిలి టిఫిన్ ఒక్కటే అయితే రెండు బళ్లు ఒకే ఉద్యోగం చేస్తున్నట్టు. ఏది ఉండాలో మీ ఇష్టం, రెండూ మాత్రం వద్దు. నా లెక్కలో ఒక మనిషి సరిగ్గా చూసుకోగలిగేవి మూడు. నాలుగోదానికి ఇంట్లో ఇంకో చెయ్యి కావాలి.

ఎక్కడ పెడతారు?

అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుకు ఒక కారు చోటు, దాని పక్కన బండి చోటు. మూడో బండి వచ్చిన రోజే అసోసియేషన్ ప్రెసిడెంటు గారి ఫోన్ వస్తుంది. మీ కారు గీతల లోపలే బళ్లు పట్టేలా చూసుకోవడం మంచిది. కామన్ ఏరియాలో పెట్టి గొడవపడితే చివరికి వానలో, గేటు బయట నిలబెట్టాల్సి వస్తుంది.

చోటు ఎంచుకునేటప్పుడు మూడు చూడండి. సముద్రం వైపు తెరిచి ఉన్న సెల్లార్ అయితే గాలి తగిలే అంచున కాకుండా లోపలి గోడ పక్కన పెట్టండి. వానకు నీళ్లు నిలిచే సెల్లార్ అయితే తక్కువ తిరిగే బళ్లను ర్యాంపుకు దగ్గరగా ఉంచండి, నీరు చేరితే ముందు బయటికి తోయొచ్చు. బయట చెట్టు నీడ కోరుకునేవాళ్లు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో చెట్లన్నీ ఎలా పడ్డాయో గుర్తు చేసుకుంటే చాలు.

కవర్ విషయంలో చాలామంది ప్లాస్టిక్ రకం కొంటారు. వైజాగ్‌లో అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. తేమ లోపలే ఉండిపోతుంది. పైకప్పు ఉన్న చోట పాత నూలు దుప్పటి చాలు. బయట పెట్టక తప్పకపోతే గాలి ఆడే గుడ్డ కవర్ వేసి, ఎండ వచ్చిన రోజు తీసి ఆరబెట్టండి. బండి తడిగా ఉండగా ఏ కవరూ వేయొద్దు.

కాగితాలు

ఒక బండి ఉన్నప్పుడు ఇన్సూరెన్స్ తేదీ గుర్తుంటుంది. నాలుగు ఉంటే ఏదో ఒకటి తప్పకుండా మరిచిపోతారు. ఒకే పేజీలో నాలుగు బళ్ల నంబర్లు, వాటి పక్కన ఇన్సూరెన్స్, పొల్యూషన్, ఆర్సీ గడువులు రాసి ఫోన్‌లోనూ బీరువా తలుపు లోపలా పెట్టుకోండి. ఆర్సీలన్నీ డిజిలాకర్‌లో ఉంటే ఏ బండి తీసినా కాగితం వెతుక్కోనక్కర్లేదు.

ఇన్సూరెన్స్‌లో సీసీ లెక్క తెలిసి ఉండాలి. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ రేట్ల ప్రకారం 75 దాటి 150 సీసీ దాకా ఏడాదికి 714 రూపాయలు, 150 దాటి 350 దాకా 1,366, 350 దాటితే 2,804. వీటి మీద జీఎస్టీ 18 శాతం. 349 సీసీ క్లాసిక్‌కూ పాత 411 సీసీ హిమాలయన్‌కూ కొనేటప్పుడు పెద్ద తేడా అనిపించేది కాదు కానీ ప్రీమియం రెట్టింపు అవుతుంది. స్ప్లెండర్, స్కూటర్, ఆర్ఎక్స్, క్లాసిక్ ఉన్న ఇంటికి థర్డ్ పార్టీ ఒక్కటే 3,508, జీఎస్టీతో కలిపి 4,140 దాకా. కట్టే ముందు తాజా రేటు చూసుకోండి.

అన్నిటికీ ఫుల్ ఇన్సూరెన్స్ అక్కర్లేదు. తుఫాను, వరద, దొంగతనం థర్డ్ పార్టీలో రావు. కాబట్టి ఖరీదైనదానికీ బయట నిలబెట్టేదానికీ ఫుల్ తీసుకుని, పదేళ్ల స్ప్లెండర్‌కు థర్డ్ పార్టీతో సరిపెట్టొచ్చు.

ఏజెంట్లు తమంతట తాము చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. యజమానికి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తప్పనిసరే, కానీ అది మనిషికి, బండికి కాదు. ఒక పాలసీలో ఉంటే మిగతా బళ్లకు మళ్లీ కట్టనక్కర్లేదు. రెన్యువల్ చేసేటప్పుడు ఆ టిక్ తీసేయమని అడగండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ బీఎస్4, బీఎస్6 బళ్లకు ఏడాది, అంతకన్నా పాతవాటికి ఆరు నెలలు. మనసు బండికి ఏడాదికి రెండుసార్లు వెళ్లాలన్నమాట. ఆర్సీ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత బండిని చూపించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి.

నాన్నగారి బండి ఇంకా ఆయన పేరు మీదే ఉండి, ఆయన లేకపోతే ఆలస్యం చేయొద్దు. వారసులు ఫారం 31తో మూడు నెలల్లో పేరు మార్చుకోవాలని నిబంధన. మిగతా వారసుల ఒప్పుదల కావాలి కాబట్టి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ పండగకి ఊళ్లో ఉన్నప్పుడే సంతకాలు పెట్టించుకోండి. పేరు మారని బండికి యాక్సిడెంట్ జరిగితే క్లెయిమ్ దగ్గర తలనొప్పులు వస్తాయి.

వంతులు

రెండు వారాలకు మించి ఏ బండీ కదలకుండా ఉండకూడదు. కదలడం అంటే 15 కిలోమీటర్లకు తగ్గకుండా నడపడం.

ఆదివారం అన్ని బళ్లూ వరసగా స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేసేవాళ్లు చాలామంది. చేయకపోవడమే నయం. పెట్రోల్ మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కితే అది సైలెన్సర్ లోంచి బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో ఆపేస్తే సైలెన్సర్‌లోనే చల్లారి నీరవుతుంది, కొంత ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. సైలెన్సర్ లోపలి నుంచి తుప్పు పట్టి చిల్లు పడేది ఇలాగే. సెల్ఫ్ కొట్టినప్పుడు ఖర్చయిన కరెంటు ఐడిల్‌లో బ్యాటరీకి పూర్తిగా తిరిగి రాదు కూడా.

ప్రత్యేకంగా రైడ్ పెట్టుకుంటే నాలుగు వారాల తర్వాత బద్ధకం వస్తుంది. అంతకన్నా ఉన్న పనికే బండి మార్చండి. సోమవారం నుంచి గురువారం దాకా రోజువారీ బండి, శుక్రవారం ఘాట్ బండి, ఆదివారం మనసు బండి. ఆఫీసు దగ్గరే అయితే శుక్రవారం చుట్టు తిరిగి వెళ్లండి. మద్దిలపాలెం నుంచి హైవే మీద మధురవాడ వెళ్లి వస్తే ఇరవై కిలోమీటర్లు అవుతుంది, హనుమంతవాక ఎత్తు కూడా ఎక్కినట్టవుతుంది. బీచ్ రోడ్డులో కొంత భాగం పొద్దున్నే వాకర్ల కోసం మూసి ఉంటుంది కాబట్టి ఆదివారం భీమిలి వెళ్లేవాళ్లు దాన్ని లెక్కలో పెట్టుకోవాలి.

లెక్క కోసం యాప్‌లు అక్కర్లేదు. వంటింట్లో పాల లెక్క రాసే తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, అందులోనే ఆ రోజు గడిలో బండి పేరు మొదటి అక్షరం రాయండి. రెండు వారాల గడుల్లో 'ఆ' కనిపించకపోతే ఆర్ఎక్స్‌ను మరిచిపోయారన్నమాట. ఇంట్లో వాళ్లకీ కనిపిస్తుంది, వాళ్లే గుర్తు చేస్తారు, కాస్త వెటకారంగానైనా.

ఉప్పుతో యుద్ధం

మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరు పట్టి కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం లవణాలకు అంత తేమ కూడా అక్కర్లేదు. వైజాగ్‌లో రాత్రిళ్లు ఆ 75 దాటడం మామూలే. అంటే బీచ్ రోడ్డు మీద తిరిగి వచ్చి ఇంట్లో పెట్టిన బండి, పైకి పొడిగా కనిపిస్తున్నా, రాత్రంతా ఉప్పునీళ్లలో తడుస్తున్నట్టే. మధురవాడ, పెందుర్తి వైపు ఉండేవాళ్లకు కొంత తెరిపి. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ వాళ్లకు బండి కదిలినా కదలకపోయినా ఒకటే.

ముందు తుప్పు పట్టేవి ఇవి: స్పోకులు, స్పోకు రిమ్ములో దూరే చోటు, చైన్, సైలెన్సర్ అడుగు, సెంటర్ స్టాండు, బోల్టు తలలు, ముందు ఫోర్క్ రాడ్లు. వీటిలో ఫోర్క్ రాడ్ల తుప్పే ఖరీదైనది. రాడ్డు మీద చుక్కలా గుంట పడితే, బండి ఊగినప్పుడల్లా ఆ గుంట ఆయిల్ సీల్‌ను కోస్తుంది. ఆయిల్ కారి డిస్క్ మీద పడితే బ్రేకు పోతుంది. వారానికోసారి మెత్తటి గుడ్డకు రెండు చుక్కల ఇంజన్ ఆయిల్ అద్ది రాడ్లు తుడవండి. డిస్క్ జోలికి మాత్రం ఆ గుడ్డ పోకూడదు. డిస్క్ మీద రాత్రికి రాత్రి వచ్చే ఎర్రటి పొర నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

బీచ్ రోడ్డు నుంచి వచ్చిన రోజే, ఇంజన్ చల్లారాక, పైపుతో నెమ్మదిగా మంచినీళ్లు పోయండి. షాంపూ అవసరం లేదు, ఉప్పు నీళ్లకే పోతుంది. ప్రెషర్ వాషర్ వద్దు, అది బేరింగుల్లోకీ స్విచ్చుల్లోకీ నీటిని తోస్తుంది. ఇంకో సంగతి: సముద్రానికి దగ్గరి చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. నాలుక మీద వేసి చూడండి. ఉప్పగా ఉంటే ఆ నీళ్లతో కడిగి లాభం లేదు, మున్సిపల్ నీళ్లు రెండు బకెట్లు పట్టుకోండి. కడిగాక పది నిమిషాలు నడిపి ఆరనివ్వాలి.

వాషింగ్ సెంటర్‌కు ఇస్తే చివర్లో బండి అడుగున డీజిల్ కొడతామంటారు. మెరుస్తుంది, నిజమే. రబ్బరు బుష్‌లు ఉబ్బుతాయి, టైరు మీదా బ్రేకు మీదా కూడా పడుతుంది. వద్దని ముందే చెప్పండి.

చైన్ విషయం. పాత గుడ్డ, బ్రష్షు, కిరసనాయిలు. ఇప్పుడు కిరసనాయిలు దొరకడం లేదు కాబట్టి చైన్ క్లీనర్ స్ప్రే వాడొచ్చు. పెట్రోల్ వద్దు, చైన్ లింకుల్లో ఉండే రబ్బరు ఓ-రింగులు పాడవుతాయి. తుడిచాక 90 నంబరు గేర్ ఆయిల్ లోపలి వైపు లింకుల మీద పోసి చక్రం తిప్పండి. స్ప్రే లూబ్ అయితే దుమ్ము తక్కువ పట్టుకుంటుంది. గాజువాక వైపు తిరిగే బండికి అదే మేలు, బొగ్గు దుమ్ము గేర్ ఆయిల్‌తో కలిస్తే గరుకు కాగితంలా పనిచేస్తుంది. నడిపి వచ్చాక, చైన్ వెచ్చగా ఉండగా వేసి రాత్రంతా వదిలేస్తే లోపలికి ఇంకుతుంది.

వైర్ల కనెక్టర్లలో పచ్చగా చిలుము పడుతుంది. ఇండికేటర్ ఒకసారి వెలిగి ఒకసారి వెలగకపోవడం, హారన్ గొంతు మారడం, చాలాసార్లు కారణం అదే. ఏడాదికోసారి ముఖ్యమైన కనెక్టర్లు విప్పి తుడిపించి, ఎలక్ట్రికల్ గ్రీజు పూయించండి. బ్యాటరీ టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ చాలు.

పెట్రోల్, బ్యాటరీ, ఆయిల్, టైర్లు

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ నీటిని పీలుస్తుంది. తక్కువ తిరిగే బండి ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలోని తేమగాలి నుంచి నీరు పెట్రోల్‌లోకి చేరుతుంది, ట్యాంకు అడుగున తుప్పు మొదలవుతుంది. అందుకే నిలబెట్టే బండికి ట్యాంకు నిండుగా, రోజూ తిరిగే బండికి ఎంతున్నా ఫర్వాలేదు. మామూలుగా మనం చేసేది దీనికి సరిగ్గా తలకిందులు.

కార్బురేటర్ బళ్లను పది రోజులకు మించి నిలబెట్టేటప్పుడు పెట్రోల్ నాబ్ మూసి, ఇంజన్ దానంతట అది ఆగిపోయేదాకా నడవనివ్వండి. కార్బురేటర్ అడుగు గిన్నెలో పెట్రోల్ మిగిలితే అది ఆవిరై బంకలా జెట్ రంధ్రాన్ని మూసేస్తుంది. 'స్టార్ట్ అవుతుంది కానీ చోక్ తీస్తే ఆగిపోతుంది' అంటే ఇదే. పాత బళ్లలో పెట్రోల్ పైపు, లోపలి రబ్బరు సీళ్లు ఇథనాల్‌కు తయారు చేసినవి కావు. పైపును వేలితో నొక్కి చూడండి, మెత్తబడినా పగుళ్లు కనిపించినా ఇథనాల్ తట్టుకునే రకం వేయించండి.

బ్యాటరీకి ఒక మల్టీమీటర్ కొనండి. కొన్ని వందల రూపాయలు, నాలుగు బళ్లకూ పనికొస్తుంది. రాత్రంతా కదలని బండికి పొద్దున్నే 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 కన్నా తగ్గితే ఛార్జ్ చేయాలి. 12 దిగువన వారాలు వదిలేస్తే సల్ఫేట్ పట్టి మళ్లీ కోలుకోదు. ఇంజన్ నడుస్తూ రేజ్ ఇచ్చినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి, రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఛార్జింగ్‌ది. నెల రోజులు ఊరు వెళ్తుంటే నెగటివ్ వైరు విప్పేయండి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్.

ఆయిల్ డబ్బాల మీద బండి పేరు మార్కర్‌తో రాయండి. ఇది చాదస్తం కాదు. గేర్ల బండికి క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, దానికి ఎంఏ లేదా ఎంఏ2 గుర్తున్న ఆయిల్ కావాలి. స్కూటర్లకు ఎంబీ రకం, అందులో జారుడు ఎక్కువ. మిగిలింది కదా అని స్కూటర్ ఆయిల్‌ను క్లాసిక్‌లో పోస్తే క్లచ్ జారుతుంది. ఆర్ఎక్స్ టూ స్ట్రోక్ బండి, దానికి 2టి ఆయిల్ వేరే ట్యాంకులో పోయాలి, దాని మట్టం ప్రతి ఆదివారం చూడాలి. 2టి అయిపోయినా బండి మామూలుగానే పరుగెడుతుంది, పిస్టన్ పట్టేసేదాకా చెప్పదు.

సర్వీసు గడువులు కిలోమీటర్లలో ఉంటాయి కానీ తక్కువ తిరిగే బండికి అవి వర్తించవు. వెయ్యి కిలోమీటర్లే తిరిగినా ఏడాదికోసారి ఇంజన్ ఆయిల్, రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చాలి. టైర్లదీ అంతే. గాట్లు నిండుగా ఉన్నా రబ్బరు ముసలిదవుతుంది. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఆరేళ్లు దాటిన టైరుతో ఘాట్ ఎక్కొద్దు. గాలి రెండు వారాలకోసారి చూసుకోవాలి, సెంటర్ స్టాండు ఉన్న బండిని దాని మీదే నిలబెట్టాలి.

పురుగుల సంగతి మరిచేపోయాను. కుమ్మరి పురుగు సైలెన్సర్ చివర, డ్రెయిన్ పైపుల్లో మట్టి గూడు కడుతుంది. ఎలుకలు సీటు కింద వైర్లు కొరుకుతాయి. నిలబెట్టే బండి సైలెన్సర్‌కు గుడ్డ కుక్కండి. ఎర్రటి గుడ్డ అయితే స్టార్ట్ చేసే ముందు కంటపడుతుంది.

ఘాట్ ఎక్కే ముందు రోజు

ముందు రోజు సాయంత్రం చూసుకుంటే సరిచేయించడానికి సమయం ఉంటుంది. బ్రేకు ప్యాడ్ల మందం, టైరు గాలి, చైన్ లూజు, లైట్లు, ఇంజన్ ఆయిల్ మట్టం. ఎస్.కోటలో ట్యాంకు నింపుకోండి. ఎక్కేటప్పుడు ఏ బండైనా ఎక్కుతుంది, దిగేటప్పుడే తేడా తెలుస్తుంది. ఏ గేరులో ఎక్కారో దాదాపు అదే గేరులో దిగండి. పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దొర్లించేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఇంజన్ పట్టు లేకపోతే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది, డ్రమ్ము వేడెక్కి నాలుగో మలుపు దగ్గర పట్టు తగ్గిపోతుంది. డిసెంబర్, జనవరిల్లో లంబసింగి, పాడేరు వైపు పొగమంచులో ఎదురు బండి పది అడుగుల దూరంలోకి వచ్చాక కనిపిస్తుంది. తెల్లవారకముందు ఎక్కే తొందర ఉన్నవాళ్లు కిందే ఆగి టీ తాగడం నయం. వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్ ఉండాలని చట్టం చెప్పింది, ఘాట్ మీద అయితే చట్టం చెప్పనక్కర్లేదు.

మెకానిక్‌లు

నాలుగు బళ్లకు ఒక్క మెకానిక్ సరిపోడు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండికి స్కానర్ ఉన్న చోటికి, వారంటీ ఉంటే షోరూమ్‌కి. రోజువారీ బండికి ఇంటి దగ్గరి కుర్రాడు చాలు. టూ స్ట్రోక్‌కు మాత్రం ఆ కాలం మనిషి కావాలి. కంచరపాలెం, గాజువాక ఆటోనగర్ వైపు వెతికితే దొరుకుతారు. 'నడపకుండా ఒగ్గేత్తే ఇలాగే అవుతాది బాబూ' అని ఒక క్లాసు పీకి, చెవితో విని జెట్ ఏది మూసుకుందో చెప్పేస్తారు. వాళ్లను తొందరపెట్టకూడదు, పండగకి మామూలు మరిచిపోకూడదు.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ తీరానికి తుఫాన్ల కాలం. హెచ్చరిక రాగానే బళ్లను చెట్లకూ హోర్డింగులకూ ప్రహరీలకూ దూరంగా, ఎత్తయిన చోటికి మార్చండి. కవర్లు తీసేయండి, గాలికి తెరచాపలా మారి బండిని పడేస్తాయి. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేయొద్దు. కిక్ కూడా కొట్టొద్దు. సిలిండర్‌లో నీరు ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, నీరు చేరాక స్టార్ట్ చేసి పాడుచేశారని ఇన్సూరెన్స్ వాళ్లు ఆ ఖర్చు ఒప్పుకోకపోవచ్చు. ఫోటోలు తీసి, తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, ప్లగ్ విప్పించి ఆయిల్ మార్పించాకే స్టార్ట్ చేయించండి.

ఎప్పుడు వదిలేయాలి

క్యాలెండర్ గడులే చెబుతాయి. మూడు నెలలు వరసగా ఒక బండి వంతు తప్పుతుంటే దానికి ఉద్యోగం పోయినట్టే. ముందు ఇంట్లో ఎవరికైనా అవసరముందేమో అడగండి. చెల్లెలి కొడుక్కి ఇచ్చినా సరే, పేరు మార్చే ఇవ్వండి. బయటికి అమ్మితే ఫారం 29, 30 మీద సంతకాలు చేసి చేతులు దులుపుకోవద్దు. అదే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. డెలివరీ ఇచ్చిన తేదీ, గంటతో సహా కాగితం రాయించుకుని కొన్నవాళ్ల ఆధార్ కాపీ జతచేయండి. బండి పాత చలాన్లు కట్టేసి రసీదు ఇవ్వండి, బేరం కూడా తొందరగా తెగుతుంది. నెల తర్వాత పరివాహన్ సైట్‌లో నంబరు కొట్టి చూడండి, ఇంకా మీ పేరే కనిపిస్తే కొన్నవాళ్లకు ఫోన్ చేసి వెంటపడాలి. కొన్నవాళ్ల దగ్గర వెయ్యి రూపాయలు అదనంగా తీసుకుని అట్టేపెట్టి, పేరు మారాక తిరిగి ఇస్తానని ముందే మాట్లాడుకుంటే వెంటపడే పని కూడా ఉండదు.